బయోకెమిస్ట్రీ రివిజన్: పుస్తకం మూసి మొదలుపెట్టే పద్ధతి

"పుస్తకం ఒకసారి మొత్తం అయిపోయింది, ఒక్క సైకిల్ కూడా యాదికుంటలేదు. మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్నా?" ఇంటర్నల్స్ దగ్గరపడ్డప్పుడల్లా నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ మెడికల్ కాలేజీల ఫస్టియర్ పిల్లలు అడిగేది ఇదే. ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు), నర్సింగ్ చదివేవాళ్లదీ దాదాపు ఇదే బాధ.

చదవొద్దు. మొదటి పేజీ నుంచి మళ్లీ పోతే ప్రతి లైనూ తెలిసినట్టే అనిపిస్తుంది, పరీక్ష హాల్లో మాత్రం పెన్ను కదలదు. ముందు తలలో ఉన్నదాన్ని కాగితం మీదికి తీయాలి. అక్కడ లేనిదాన్ని మాత్రమే పుస్తకంలో వెతుక్కోవాలి. కింద చెప్పే క్రమమంతా దీనిమీదే నడుస్తుంది.

ఇంకో సంగతి. ఒక్కసారి కూడా చదవనివాళ్లకు ఇది పనికిరాదు. కనీసం క్లాస్ నోట్స్ అయినా ఒకసారి పూర్తిచేసి రండి.

1. కూర్చునే ముందు

పాఠ్యపుస్తకం ఒక్కటే ఉండాలి. సీనియర్ ఒక పుస్తకం బాగుందన్నాడని, రూమ్మేట్ ఇంకోటి కొన్నాడని మూడు పెట్టుకుంటే మూడింట్లో మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. ఏది రాయాలో తేలదు.

☐ ఒక పాఠ్యపుస్తకం, ఒక నోట్‌బుక్
☐ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు, దొరికినన్ని
☐ పెద్ద తెల్ల చార్టు షీట్లు నాలుగైదు
☐ నీలం, ఎరుపు పెన్నులు (హైలైటర్ అక్కర్లేదు)
☐ పేరు కొట్టేసిన ల్యాబ్ రిపోర్టులు రెండు మూడు: ఒక షుగర్, ఒక లివర్ ఫంక్షన్, ఒక కిడ్నీ ఫంక్షన్

వీడియోలు తర్వాత. వీడియో చూస్తున్నంతసేపు పని చేసేది చెప్పేవాడి తల, మనది కాదు. ఒక చోట చిక్కుపడితే ఆ ఒక్క చిక్కు కోసం చూడండి, ఆపేయండి.

2. తనిఖీ: మీ దగ్గర ఏముందో తేల్చుకోవడం

ఇది చాలామంది వదిలేసే మెట్టు. పుస్తకం మూసి, ఒక్కో అధ్యాయం పేరు రాసి, దాని కింద అయిదు నిమిషాల్లో గుర్తొచ్చినంత రాయండి. వాక్యాలు అక్కర్లేదు. మాటలు, బాణాలు చాలు.

తర్వాత పుస్తకం తెరిచి, తప్పినవి, మిగిలిపోయినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద చేర్చండి. అధ్యాయాలు మూడు కుప్పలవుతాయి: దాదాపు వచ్చినవి, సగం వచ్చినవి, తెల్లగా మిగిలినవి. సమయం ఎక్కువ పెట్టాల్సింది సగం వచ్చినవాటికి. మార్కులు తొందరగా పెరిగేది అక్కడే.

తెల్లగా మిగిలినదాన్ని చూసి బెదరకండి. ఎక్కువమందికి ఆ కుప్పలో ఉండేవి పోర్ఫైరిన్, న్యూక్లియోటైడ్ మెటబాలిజం. రెండూ చిన్న అధ్యాయాలే.

3. ఏది ముందు, ఏది వెనక

పుస్తకంలో వరుస చెప్పేవాళ్ల సౌకర్యం కోసం. రివిజన్‌కు ఈ వరుస పట్టండి:

1) ఎంజైములు
2) కార్బోహైడ్రేట్, లిపిడ్, అమినో ఆమ్లాల జీవక్రియలు, మూడూ ఒకే పటం మీద
3) తిన్నాక, ఉపవాసంలో శరీరం ఏం చేస్తుంది
4) విటమిన్లు, ఖనిజాలు
5) ఆసిడ్-బేస్, లివర్, కిడ్నీ పరీక్షలు, హీమ్
6) మాలిక్యులర్ బయాలజీ
7) ప్రాక్టికల్స్, వైవా

విటమిన్లను చివరి రాత్రికి వదిలేసే అలవాటు ఉంది. బి-విటమిన్లన్నీ ఏదో ఒక ఎంజైముకు కోఎంజైములు. పటం గీసిన వెంటనే వాటిని ఆ ఎంజైముల పక్కన రాసేస్తే వేరే అధ్యాయంగా బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది. థయామిన్‌ను పైరువేట్ డీహైడ్రోజినేజ్, ఆల్ఫా కీటోగ్లుటరేట్ డీహైడ్రోజినేజ్, ట్రాన్స్‌కీటొలేజ్ పక్కన రాయండి. బి6 ట్రాన్స్అమినేజ్‌ల దగ్గరా, హీమ్ తయారీలో ఏఎల్ఏ సింథేజ్ దగ్గరా వస్తుంది. బయోటిన్‌కు కార్బాక్సిలేజ్‌లు. బి12కు రెండే చోట్లు, మిథైల్‌మలోనిల్ కోఏ మ్యూటేజ్, మిథియోనిన్ సింథేజ్.

4. ఎంజైములు: అంకెల కంటే ముందు ఒక కేసు

కేఎం (ఎంజైము సగం వేగానికి కావాల్సిన సబ్‌స్ట్రేట్ మోతాదు), వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం) గ్రాఫులు గీసి వదిలేస్తే రెండు రోజుల్లో పోతాయి. మన జిల్లాల క్యాజువాలిటీకి వచ్చే కేసు ఒకటి తీసుకోండి: పత్తి చేలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు ఒంట్లోకి పోయిన మనిషి.

ఆ మందు ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌లోని సెరీన్‌ను పట్టుకుని ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఎంజైము ఆగిపోతుంది. ఎసిటైల్‌కోలిన్ పేరుకుంటుంది. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, లాలాజలం, చెమట ఆగవు, కండరాలు అదురుతాయి. ఇదీ ఇర్రివర్సిబుల్ ఇన్హిబిషన్, అంటే ఎంజైము తనంతట తను తేరుకోలేని అడ్డు.

ఇప్పుడు చికిత్సను ఇదే బొమ్మ మీద పెట్టండి. అట్రోపిన్ ఎంజైమును బాగుచేయదు. మస్కారినిక్ రిసెప్టర్ల దగ్గర ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది, అంతే. ప్రాలిడాక్సిమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసి ఎంజైమును తిరిగి లేపుతుంది. ఆలస్యమైతే ఆ బంధం ముదిరిపోతుంది, దాన్నే 'ఏజింగ్' అంటారు. తర్వాత ఇచ్చినా లాభం తక్కువ. ల్యాబ్‌లో కొలిచేది సాధారణంగా సీరంలోని సూడోకోలినెస్టరేజ్.

ఒక్క కేసులో ఇన్హిబిషన్ రకం, యాక్టివ్ సైటు, చికిత్స, పరీక్ష నాలుగూ వచ్చాయి. షార్ట్ నోట్‌కు ఇంకేం కావాలి?

కాంపిటిటివ్ ఇన్హిబిషన్‌కు మిథనాల్ విషం పెట్టుకోండి. మిథనాల్, ఇథనాల్ రెండూ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ కోసం పోటీపడతాయి. అందుకే ఇథనాల్ లేదా ఫోమెపిజోల్ ఇస్తారు. కేఎం పెరుగుతుంది, వీమ్యాక్స్ మారదు. నాన్‌కాంపిటిటివ్‌లో వీమ్యాక్స్ తగ్గుతుంది, కేఎం మారదు. గ్రాఫు గీసేటప్పుడు ఇరుసుల పేర్లు రాయడం మరవొద్దు. పేర్లు లేని గ్రాఫుకు మార్కులు పడవు.

డయాగ్నస్టిక్ ఎంజైముల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటి. ట్రోపోనిన్‌ను ఎంజైముల జాబితాలో రాస్తారు. అది ప్రోటీన్, ఎంజైము కాదు. గుండెపోటు గురించి రాసేటప్పుడు ట్రోపోనిన్, సీకే-ఎంబీ రెండూ రాయండి. ఎంజైము అన్న మాట మాత్రం రెండోదానికే.

5. పటం: మూడు జీవక్రియలు ఒకే చార్టు మీద

రివిజన్ మొత్తంలో ఎక్కువ రోజులు తీసుకోవాల్సింది ఇదే. తొందరపడితే మిగతావన్నీ గాలిలో ఉంటాయి.

మొదటి మెట్టు. చార్టు మధ్యలో పెద్ద మైటోకాండ్రియన్ గీయండి. బయట ఉన్నదంతా సైటోసాల్.

రెండో మెట్టు. ఏది ఎక్కడ జరుగుతుందో పేర్లు మాత్రమే రాయండి. గ్లైకోలిసిస్ (గ్లూకోజ్ విరగడం), హెచ్ఎంపీ షంట్ (గ్లూకోజ్‌కు పక్కదారి), ఫ్యాటీ ఆమ్లాల తయారీ బయట. టీసీఏ సైకిల్ (ఎసిటైల్ కోఏ కాలే చక్రం), బీటా ఆక్సిడేషన్ (ఫ్యాటీ ఆమ్లాలు కాలడం), కీటోన్ల తయారీ లోపల. యూరియా సైకిల్, హీమ్, గ్లూకోనియోజెనిసిస్ (కొత్త గ్లూకోజ్ తయారీ) రెండు చోట్లా కాలు పెడతాయి, కాబట్టి గీతకు అటూ ఇటూ రాయండి.

మూడో మెట్టు. ఒక్కో దారికి పగ్గం పట్టే ఎంజైమును ఎర్ర పెన్నుతో రాయండి. ఇవి చూడకుండా వచ్చేదాకా ముందుకు పోవద్దు:

☐ గ్లైకోలిసిస్: ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1
☐ గ్లూకోనియోజెనిసిస్: ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫటేజ్
☐ గ్లైకోజెన్ కట్టడం: గ్లైకోజెన్ సింథేజ్, విప్పడం: ఫాస్ఫోరిలేజ్
☐ హెచ్ఎంపీ షంట్: జీ6పీడీ
☐ టీసీఏ: ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్
☐ ఫ్యాటీ ఆమ్లాల తయారీ: ఎసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్
☐ బీటా ఆక్సిడేషన్: కార్నిటిన్ పామిటాయిల్ ట్రాన్స్‌ఫరేజ్-1
☐ కీటోన్లు: మైటోకాండ్రియాలోని హెచ్ఎంజీ కోఏ సింథేజ్
☐ కొలెస్టరాల్: హెచ్ఎంజీ కోఏ రిడక్టేజ్
☐ యూరియా: కార్బమోయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1
☐ హీమ్: ఏఎల్ఏ సింథేజ్

కార్బమోయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్ ఒకటి, రెండు తారుమారు కావడం మామూలే. ఒకటోది మైటోకాండ్రియాలో ఉంటుంది, నైట్రోజన్‌ను అమ్మోనియా నుంచి తీసుకుంటుంది, ఎన్-ఎసిటైల్ గ్లుటమేట్ లేకపోతే కదలదు. రెండోది సైటోసాల్‌లో గ్లుటమిన్ నుంచి తీసుకుని పిరిమిడీన్లకు పనిచేస్తుంది. యూరియా సైకిల్‌లో ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమోయిలేజ్ లోపిస్తే మిగిలిన కార్బమోయిల్ ఫాస్ఫేట్ బయటికొచ్చి ఒరోటిక్ ఆమ్లంగా మూత్రంలో కనిపిస్తుంది. ఈ రెండు ఎంజైముల తేడా తెలిసినవాడికి ఈ ప్రశ్న వైవాలో ఉచితంగా వచ్చే మార్కు.

నాలుగో మెట్టు. ప్రతి దారికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏ అవయవంలో? ఎప్పుడు? పగ్గం ఎవరిది? చెడితే రోగి ఎట్లా కనిపిస్తాడు? నాలుగోదానికి జవాబు లేకపోతే ఆ దారి మీకు ఇంకా రానట్టే.

మధ్యలో వచ్చే ప్రతి పదార్థం పేరూ కావాలా? గ్లైకోలిసిస్, టీసీఏ, యూరియా సైకిళ్లకు కావాలి. కొలెస్టరాల్ తయారీకి, ప్యూరిన్ వలయానికి మొదలు, పగ్గం, చివర తెలిస్తే చాలు. ప్యూరిన్ వలయంలో ఏ అణువు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే చిన్న బొమ్మ మాత్రం వదలొద్దు.

ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి) లెక్కల దగ్గర ఒక హెచ్చరిక. పాత పుస్తకాల్లో గ్లూకోజ్‌కు 36 లేదా 38 అని ఉంటుంది. ఇప్పటి లెక్క, ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీహెచ్‌కు 2.5 ఏటీపీ, ఎఫ్ఏడీహెచ్2కు 1.5. దాని ప్రకారం ఒక ఎసిటైల్ కోఏ టీసీఏలో 10 ఇస్తుంది, గ్లూకోజ్ మొత్తం మీద, సైటోసాల్ ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లను లోపలికి చేర్చే షటిల్‌ను బట్టి 30 లేదా 32. పామిటిక్ ఆమ్లానికి ఎసిటైల్ కోఏలు 8 కాబట్టి 80, ఎన్ఏడీహెచ్‌లు 7 కాబట్టి 17.5, ఎఫ్ఏడీహెచ్2లు 7 కాబట్టి 10.5, మొత్తం 108. యాక్టివేషన్‌కు పోయే 2 తీసేస్తే 106. జవాబులో ఈ కూడికను వేసి చూపించండి, ఒట్టి అంకె రాయకండి.

6. జొన్నరొట్టె తిన్న రాత్రి నుంచి మూడో రోజు దాకా

ఇంటిగ్రేషన్ అనే అధ్యాయాన్ని చాలామంది చదవరు. నిజానికి పటం బతికేది ఇక్కడే. రాత్రి 8 గంటలకు జొన్నరొట్టె, పప్పు తిని ఆపైన ఏమీ తినని మనిషిని ఊహించుకోండి. కొత్త కాగితం మీద గడియారం వేసి రాయండి.

రాత్రి 9. ఇన్సులిన్ పైన ఉంది. కండరాల్లో గ్లూట్-4 (గ్లూకోజ్‌కు తలుపు) పైకొచ్చి గ్లూకోజ్ లోపలికి పోతుంది. కాలేయంలో గ్లూకోకైనేజ్ పనిలో ఉంది, గ్లైకోజెన్ కడుతోంది. ఫ్యాటీ ఆమ్లాలు తయారవుతున్నాయి. ఆ తయారీలో వచ్చే మలోనిల్ కోఏ, ఫ్యాటీ ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి పోయే కార్నిటిన్ ద్వారాన్ని మూసేస్తుంది. అందుకే కట్టడం, కాల్చడం ఒకేసారి జరగవు.

పొద్దుగాల 6. గ్లుకగాన్ వంతు. కాలేయం గ్లైకోజెన్ విప్పి రక్తంలోకి గ్లూకోజ్ వదులుతోంది. లాక్టేట్, అలనిన్, గ్లిసరాల్ నుంచి కొత్త గ్లూకోజ్ తయారీ కూడా నడుస్తోంది. కండరంలోనూ గ్లైకోజెన్ ఉంది కదా, అది రక్తానికి ఎందుకు ఇవ్వదు? గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అక్కడ లేదు.

రెండో రోజు. కాలేయంలో గ్లైకోజెన్ దాదాపు అయిపోయింది. భారమంతా గ్లూకోనియోజెనిసిస్ మీదే. కొవ్వు కరిగి ఫ్యాటీ ఆమ్లాలు వస్తున్నాయి గానీ, సరిసంఖ్య కార్బన్ల ఫ్యాటీ ఆమ్లం గ్లూకోజ్ కాలేదు, ఎసిటైల్ కోఏ వెనక్కి పైరువేట్ కాదు కాబట్టి.

మూడో రోజు నుంచి. కీటోన్లు పెరిగాయి, మెదడు వాటిని వాడటం మొదలుపెట్టింది, కండరం కరగడం నెమ్మదిస్తుంది. కీటోన్లు తయారుచేసే కాలేయం తను వాడుకోలేదు, కీటోన్లను వాడుకునే ఎంజైము థయోఫొరేజ్ దానికి లేదు. ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా లేదు కాబట్టి మొదటి గంటైనా మూడో రోజైనా వాటికి గ్లూకోజే దిక్కు.

ఇది చూడకుండా రాయగలిగితే డయాబెటిస్‌ను విడిగా చదవక్కర్లేదు. రక్తంలో గ్లూకోజ్ నిండా ఉన్నా ఇన్సులిన్ లేదు, శరీరం మూడో రోజు ఉపవాసంలో ఉన్నట్టే నడుస్తుంది. మిగతాదంతా దాన్నుంచి రాబట్టుకోవచ్చు.

ఇప్పుడు అదే గడియారంలో ఒక మార్పు. ఆ మనిషి పొద్దంతా ఏమీ తినకుండా సాయంత్రం ఖాళీ కడుపుతో బాగా తాగాడు. కల్లైనా సారా అయినా లోపల ఉన్నది ఇథనాలే. ఇథనాల్ ఎసిటాల్డిహైడ్ అవుతుంది, అది ఎసిటేట్ అవుతుంది. రెండు మెట్లలోనూ ఎన్ఏడీహెచ్ పుడుతుంది. ఎన్ఏడీహెచ్ పోగుపడితే:

☐ పైరువేట్ లాక్టేట్‌గా, ఆక్సలోఎసిటేట్ మాలేట్‌గా మళ్లుతాయి. గ్లూకోజ్ తయారీకి ముడిసరుకు ఉండదు, షుగర్ పడిపోతుంది
☐ లాక్టేట్ పెరిగి ఆసిడోసిస్ వైపు తోస్తుంది
☐ అదే లాక్టేట్ మూత్రపిండాల్లో యూరిక్ ఆమ్లం బయటికి పోకుండా అడ్డుపడుతుంది, గౌట్ ఉన్నవాడికి నొప్పి లేస్తుంది
☐ ఫ్యాటీ ఆమ్లాలు కాలడం తగ్గి కాలేయంలో కొవ్వుగా పేరుకుంటాయి

నాలుగు జవాబులూ ఒక్క ఎన్ఏడీహెచ్ నుంచి వచ్చాయి. తాగి పడిపోయినవాడికి ముందు షుగర్ ఎందుకు చూస్తారో దీంతో తెలుస్తుంది. అయితే మన దగ్గర క్యాజువాలిటీలో కల్లు కేసంటే ఇథనాల్ ఒక్కటే అనుకోవద్దు. మత్తు కోసం కలిపే అల్ప్రాజొలం, క్లోరల్ హైడ్రేట్ కథ ఫార్మకాలజీలో చదువుతారు.

7. నల్లగొండలో చదువుతూ ఫ్లోరైడ్ రాకపోతే ఎట్లా

ఖనిజాల అధ్యాయంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఇనుము పెద్ద ప్రశ్నలు. సీరం కాల్షియం డెసిలీటరుకు 9 నుంచి 11 మిల్లీగ్రాములు, దాన్ని నడిపేవి పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డీ, కాల్సిటోనిన్. ఎముక, పేగు, మూత్రపిండం అని మూడు గడులు గీసి, ఒక్కో హార్మోను ఒక్కో గడిలో ఏం చేస్తుందో రాస్తే ఆ ప్రశ్న అయిపోతుంది. తడబడేది ఫ్లోరైడ్ దగ్గర, అదీ మన దగ్గరే.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా. కొద్దిగా ఉంటే పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది. ఎక్కువైతే పళ్ల మీద గోధుమ రంగు చారలు. ఏళ్ల తరబడి ఇంకా ఎక్కువైతే ఎముకలు గట్టిపడి వంగని నడుము. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పెద్దవాళ్లలో ఇది పుస్తకం అవసరం లేకుండానే కనిపిస్తుంది. మోకాళ్లు లోపలికి వంగే జెను వాల్గమ్‌ను ఫ్లోరోసిస్ ప్రాంతంలో గమనించి 1973లో ప్రచురించింది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు. ఇప్పుడు కృష్ణా నీళ్లు ఊళ్లకు వస్తున్నా, ఒకసారి వంకరపోయిన ఎముక తిరిగి నిటారు కాదు.

నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే 'నల్లగొండ టెక్నిక్' అడిగితే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియతిప్పి, తేర్చి, వడకట్టే పద్ధతి అని రాయండి. రూపొందించింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరి.

బయోకెమిస్ట్రీ వాళ్లకు అసలు విందు ఇంకోచోట ఉంది. షుగర్ పరీక్షకు రక్తం తీసే బూడిద రంగు మూత ట్యూబులో ఉండేదీ ఫ్లోరైడే. మామూలు ట్యూబులో రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఫ్లోరైడ్ ఈనొలేజ్‌ను ఆపుతుంది. అయితే ఈనొలేజ్ గ్లైకోలిసిస్‌లో కింది మెట్టు, పై మెట్లు కాసేపు నడుస్తూనే ఉంటాయి. అందువల్ల మొదటి గంటా రెండు గంటల్లో ఫ్లోరైడ్ ఉన్నా కొంత గ్లూకోజ్ పోతుంది. పీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రికి నమూనా పంపేటప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

పక్కనే ఇది కూడా చదవండి. మన వైపు జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా (నియాసిన్ లోపంతో వచ్చే జబ్బు) ఎందుకు వచ్చేది? 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుంది. జొన్నలో లూసిన్ ఎక్కువ, అది ఈ మార్పిడికి అడ్డుపడుతుందని పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం ప్రతిపాదించింది. దానిమీద వాదాలున్నాయి కాబట్టి 'ఒక వివరణ' అని రాయండి, తీర్పులా రాయకండి. ఇది చదివి జొన్నరొట్టె మానేయాల్సిన పని లేదు. పప్పు, పాలు, గుడ్డు లేకుండా ఒట్టి జొన్న మీదే బతికినప్పటి మాట ఇది.

8. రిపోర్టు చదవడం: ఆసిడ్-బేస్, లివర్

ఫార్ములా బట్టీ పట్టినవాళ్లు కూడా అంకెలు ఇవ్వగానే ఆగిపోతారు. వరుస తప్పడమే కారణం. ఒకటి చేసి చూద్దాం: పీహెచ్ 7.24, పీసీఓ2 24, బైకార్బొనేట్ 10, సోడియం 135, క్లోరైడ్ 97.

ముందు పీహెచ్. 7.35 కంటే తక్కువ, ఆసిడోసిస్. తర్వాత బైకార్బొనేట్. 24 ఉండాల్సింది 10, కాబట్టి మెటబాలిక్. మూడోది ఊపిరితిత్తుల సర్దుబాటు: బైకార్బొనేట్‌ను 1.5తో గుణించి 8 కలిపితే 23, అటూ ఇటూ 2. ఉన్నది 24, సర్దుబాటు సరిగ్గానే ఉంది. చివరికి ఆనయాన్ గ్యాప్: సోడియం 135 నుంచి క్లోరైడ్, బైకార్బొనేట్ కలిపిన 107 తీస్తే 28. మామూలుగా 8 నుంచి 12. కొలవని ఆమ్లమేదో చేరింది. షుగర్ ఎక్కువై, మూత్రంలో కీటోన్లు ఉంటే డయాబెటిక్ కీటోఆసిడోసిస్.

ఈ వరుస ఎప్పుడూ మార్చకండి. గ్యాప్‌తో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ తప్పుతారు.

కామెర్లకు మూడు గడులు గీయండి. రక్తకణాలు పగిలినప్పుడు అన్‌కాంజుగేటెడ్ బిలిరుబిన్ పెరుగుతుంది. అది నీటిలో కరగదు, మూత్రంలో కనిపించదు; యూరోబిలినోజెన్ మాత్రం ఎక్కువ. దారి మూసుకుంటే కాంజుగేటెడ్, మూత్రంలో బిలిరుబిన్, సుద్దరంగు మలం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ. కాలేయమే దెబ్బతింటే రెండు రకాల బిలిరుబిన్లూ, వాటితో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ పెరుగుతాయి.

ఫ్రీడ్‌వాల్డ్ లెక్కలో ఎల్‌డీఎల్ తీయమంటే, మొత్తం కొలెస్టరాల్ నుంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిసరైడ్‌లో అయిదో వంతు తీసేయాలి. ట్రైగ్లిసరైడ్ 400 దాటితే ఈ లెక్క చెల్లదని చివర ఒక వాక్యం చేర్చండి.

9. మాలిక్యులర్ బయాలజీ

దీనికి ఎక్కువ రోజులు వద్దు. రెప్లికేషన్, ట్రాన్స్‌క్రిప్షన్, ట్రాన్స్‌లేషన్ ఒక్కో పేజీ బొమ్మ. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు నకళ్లు తీసే పద్ధతి) మూడు మెట్లు, లాక్ ఓపెరాన్, మ్యుటేషన్ల రకాలు. ఏ మందు ఎక్కడ ఆపుతుందో: రిఫాంపిసిన్ బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ పాలిమరేజ్, టెట్రాసైక్లిన్ రైబోజోమ్ 30ఎస్ భాగం, క్లోరాంఫెనికాల్ 50ఎస్ భాగం. ఇవి మైక్రోబయాలజీలో మళ్లీ వస్తాయి.

10. పొరపాట్లు, వాటికి మందు

చూసి బొమ్మ దించడం. చేతికి పని, తలకు సెలవు. పుస్తకం మూసి గీయండి, తప్పు పోనీయండి, తర్వాత ఎర్ర పెన్నుతో దిద్దండి.

ఒకే రోజు మూడుసార్లు చదివి మళ్లీ ముట్టకపోవడం. అదే అధ్యాయాన్ని మర్నాడు, మూడు రోజులకు, వారానికి, మూడు వారాలకు చూడకుండా రాయండి. ఒక్కోసారి పట్టే సమయం తగ్గుతూ పోతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంగ్లిష్ వాక్యాలు అర్థం కాకుండానే బట్టీ పట్టడం. ముందు పక్కవాడికి తెలుగులో చెప్పండి. "ఇన్సులిన్ లేదు, కొవ్వు కరుగుతుంది, ఎసిటైల్ కోఏ ఎక్కువైంది, టీసీఏ పట్టలేకపోయింది, కీటోన్లయింది." ఇంత చెప్పగలిగాక దాన్ని ఇంగ్లిష్‌లో అయిదు చిన్న వాక్యాలుగా రాయడం పెద్ద పని కాదు. తెలుగులో ఆలోచిస్తే తక్కువవుతామన్న భయం ఎవరు పెట్టారో గానీ, జ్వరమొచ్చిన ముసలమ్మ రేపు మీతో మాట్లాడేది తెలుగే.

ఎంసీక్యూలతో మొదలుపెట్టడం. పటం రాకముందు ఎంసీక్యూలు చేస్తే ముక్కలు ముక్కలుగా గుర్తుంటాయి. ఒక అధ్యాయం కాగితం మీద పూర్తయ్యాకే ఆ అధ్యాయం ఎంసీక్యూలు.

హాస్టల్ గ్రూప్ స్టడీ. ఇద్దరు, ఎక్కువైతే ముగ్గురు. నాలుగో మనిషి వచ్చాక చదువు సాగదు.

11. ప్రాక్టికల్స్, వైవా

మూత్ర పరీక్షల్లో ప్రతిదానికీ మూడు వాక్యాలు సిద్ధంగా ఉండాలి: ఏం కనిపెడుతుంది, సూత్రం ఏంటి, తప్పుడు పాజిటివ్ ఎప్పుడు.

☐ బెనెడిక్ట్: రెడ్యూసింగ్ చక్కెరలు, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు వరుస. విటమిన్ సీ మాత్రలు బాగా మింగినవాళ్ల మూత్రం కూడా పాజిటివ్ ఇవ్వొచ్చు
☐ రొథెరా: ఊదా రంగు ఉంగరం, ఎసిటోన్, ఎసిటోఎసిటేట్. బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను పట్టదు
☐ వేడి, ఎసిటిక్ ఆమ్లం: ప్రోటీన్. ఆమ్లం వేశాక తెల్లదనం పోతే అది ఫాస్ఫేట్
☐ హే గంధకం పొడి: పైత్య లవణాలు, ఫౌషే: పైత్య వర్ణకాలు

ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే. వైవాలో ఎగ్జామినర్‌కు ఈ మాట చెబితే ముఖం వికసిస్తుంది, కానీ మాలిబ్డేట్‌తో నీలిరంగు ఎట్లా వస్తుందో కూడా చెప్పాల్సి ఉంటుంది.

వైవాలో మొదటి జవాబు చిన్నదిగా, ఖాయంగా ఉండాలి. మీరు వాడిన చివరి మాట మీదే తర్వాతి ప్రశ్న వస్తుంది కాబట్టి, తెలియని మాటతో వాక్యం ముగించకండి. స్పాటర్‌గా (చూసి గుర్తుపట్టి చెప్పాల్సిన వస్తువుగా) బూడిద మూత ట్యూబు పెడితే ఈ వరుసలో చెప్పండి: ఇందులో సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉన్నాయి. ఫ్లోరైడ్ ఈనొలేజ్‌ను ఆపి గ్లూకోజ్‌ను కాపాడుతుంది, ఆక్సలేట్ కాల్షియంను పట్టి రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. అందుకే ఈ ట్యూబు పొటాషియం, కాల్షియం పరీక్షలకు పనికిరాదు. ఫ్లోరైడ్ యూరియేజ్‌ను కూడా ఆపుతుంది, కాబట్టి యూరియేజ్ పద్ధతిలో యూరియాకూ పనికిరాదు. అక్కడ ఆపేయండి. తర్వాత ఏం అడగాలో ఎగ్జామినర్ చూసుకుంటారు.